స్వాతంత్ర్యం తర్వాత మన రాష్ట్రాలు ఎలా ఏర్పడ్డాయి, ఎందుకు మారాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు చాలా ఏళ్లుగా పాలిటీ చెబుతున్నాను. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ పాఠం మొదలైన రోజు క్లాసు ఎప్పుడూ టైముకు అవ్వదు. తారీఖులు రాసుకోవడంతో మొదలై, 'మా ప్రాంతానికి అన్యాయం జరిగింది సార్' దాకా వెళ్తుంది. కర్నూలు పిల్లలది ఒక బాధ, ఖమ్మం పిల్లలది ఇంకొకటి, శ్రీకాకుళం పిల్లలది వేరొకటి. ఎవరిదీ కొట్టిపారేయదగ్గది కాదు.

పటం మీద గీత మారిన ప్రతిసారీ ఎవరో ఎవరికో ఒక మాట ఇచ్చారు. తారీఖుతో పాటు ఆ మాట ఏమిటో, తర్వాత ఏమైందో కూడా రాసుకోమని వాళ్లకు చెబుతుంటాను. వాళ్లు అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాసేటప్పుడు నేనూ అదే వెతికాను.

1947 ఆగస్టు 15 నాటికి మన దేశంలో ఎన్ని రాష్ట్రాలు ఉన్నాయి?

ఇప్పుడు మనం అనుకునే అర్థంలో రాష్ట్రాలే లేవు. బ్రిటిష్ వాళ్లు నేరుగా ఏలిన ప్రావిన్సులు కొన్ని ఉండేవి: మద్రాసు, బొంబాయి, బిహార్, ఒరిస్సా, అస్సాం వగైరా. దేశ విభజనలో పంజాబ్, బెంగాల్ రెండుగా చీలాయి. వీటి మధ్యలో 560కి పైగా సంస్థానాలు ఉండేవి. హైదరాబాద్, కశ్మీర్, మైసూరు లాంటివి చిన్నపాటి దేశాలంత ఉంటే, కొన్ని మాత్రం ఇప్పటి ఒక మండలమంత కూడా ఉండేవి కావు. మామిడిపండు పేరుతో అందరికీ తెలిసిన బనగానపల్లె కూడా ఒక నవాబు సంస్థానమే. 1948లో దాన్ని మద్రాసు రాష్ట్రంలోని కర్నూలు జిల్లాలో కలిపారు.

అన్ని సంస్థానాలు అంత తక్కువ కాలంలో ఎలా కలిశాయి?

సర్దార్ పటేల్, ఆయన కార్యదర్శి వి.పి. మీనన్ ఒక్కో రాజుతో విలీన పత్రం మీద సంతకం పెట్టించారు. మొదట అడిగింది మూడే అంశాలు: రక్షణ, విదేశీ వ్యవహారాలు, కమ్యూనికేషన్లు. 'మిగతావన్నీ మీ దగ్గరే ఉంటాయి' అన్నారు. తర్వాత ఒకటి రెండేళ్లలోనే ఆ మిగతావి కూడా వెళ్లిపోయాయి. బదులుగా రాజభరణాలు (రాజులకు ఏటా ఇచ్చే సొమ్ము) ఇస్తామని రాజ్యాంగంలోనే రాశారు. 1971లో 26వ సవరణతో అవీ రద్దయ్యాయి. రాజుల మీద నాకు జాలి లేదు, ప్రజలకు జరిగింది మేలే. కాకపోతే, ఇచ్చిన మాటకు ఎంత ఆయుష్షు ఉంటుందన్న లెక్క ఇక్కడే మొదలైంది.

ఇబ్బంది పెట్టినవి మూడు. జునాగఢ్‌లో 1948 ఫిబ్రవరిలో ప్రజాభిప్రాయం తీసుకున్నారు. కశ్మీర్ మహారాజు 1947 అక్టోబరు 26న, దాడి మొదలయ్యాక సంతకం పెట్టాడు. హైదరాబాద్ నిజాం యథాతథ ఒప్పందంతో (అప్పటిదాకా ఉన్న ఏర్పాట్లే కొనసాగేలా చేసుకున్నది) ఏడాది దాకా నెట్టుకొచ్చాడు. అప్పటికే ఊళ్లలో రజాకార్ల దౌర్జన్యాలు, ఇంకోపక్క సాయుధ పోరాటం నడుస్తున్నాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం లోపలికి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు.

హైదరాబాద్‌కు సొంత నాణెం, సొంత రైలు, సొంత తపాలా ఉండేవి. పాతకాలం వాళ్లు 'హాలీ', 'కల్దార్' అని రెండు రూపాయల గురించి చెబుతుంటారు. హాలీ అంటే నిజాం రూపాయి, కల్దార్ అంటే ఇంగ్లీషువాళ్ల రూపాయి. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్ రూపాయలు వచ్చేవి. విజయవాడ వైపు సరుకుకు వెళ్లిన వ్యాపారి ఈ లెక్క వేసుకోనిదే బేరం ఆడలేడు. భాష ఒకటే అయినా రెండు తెలుగు ప్రాంతాల బతుకులు ఎంత వేరుగా నడిచాయో ఈ ఒక్క లెక్కతోనే తెలుస్తుంది.

ఏ, బీ, సీ, డీ రాష్ట్రాలంటే ఏమిటి?

1950 రాజ్యాంగం చేసిన తాత్కాలిక సర్దుబాటు. ఏ భాగంలో పాత బ్రిటిష్ ప్రావిన్సులు, గవర్నర్లతో. బీ భాగంలో పెద్ద సంస్థానాలు, సంస్థానాల సమాఖ్యలు, రాజప్రముఖ్‌లతో (గవర్నరు స్థానంలో ఉండేవాళ్లు). సీ భాగంలో కేంద్రం చేతికింద ఉండే చిన్నవి. డీలో అండమాన్ నికోబార్ ఒక్కటే. మద్రాసు ఏ భాగం, హైదరాబాద్ బీ భాగం. 1948లో సైన్యం ఎదుట లొంగిపోయిన నిజామే 1950 నుంచి 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా ఉన్నాడు. పరీక్షలో ఈ పాయింటు అడుగుతుంటారు.

కాంగ్రెస్ ముందునుంచీ భాషా రాష్ట్రాలే అంది కదా, స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ, పటేల్ ఎందుకు వెనక్కి తగ్గారు?

అవును, మాట ఇచ్చింది కాంగ్రెస్సే. 1920 నాగపూర్ సమావేశం తర్వాత తన ప్రాంతీయ కమిటీలను భాషల ప్రకారమే కట్టుకుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్సు కూడా అయింది. మనవాళ్లు అంతకంటే ముందే, 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

కానీ 1947లో మతం పేరుతో దేశం చీలింది. లక్షలమంది చచ్చిపోయారు. ఇప్పుడు భాష పేరుతో ఇంకోసారి చీల్చడమా అన్న భయం ఢిల్లీలో నిజంగానే ఉంది. భాషా రాష్ట్రాల సంగతి తేల్చడానికి వేసిన ధర్ కమిషన్ 1948 డిసెంబరులో భాషా ప్రాతిపదిక వద్దంది. వెంటనే జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభ్‌భాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్యలతో ఇంకో కమిటీ వేశారు. వాళ్ల పేర్లలోని అక్షరాలతోనే దాన్ని జేవీపీ కమిటీ అంటారు. 1949 ఏప్రిల్‌లో వాళ్లూ వాయిదా వేయమనే చెప్పారు, ఆంధ్ర విషయంలో మాత్రం కొంచెం తలుపు తీశారు: మద్రాసు నగరం అడగకపోతే చూద్దామన్నారు. సంతకం పెట్టిన ముగ్గురిలో ఒకరైన పట్టాభి కృష్ణా జిల్లా మనిషి, ఆంధ్ర రాష్ట్రం కోసం అంతకుముందు గట్టిగా వాదించినవాడు. ఆయన మీద ఆ రోజుల్లో ఎంత ఒత్తిడి ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆంధ్ర రాష్ట్రం పొట్టి శ్రీరాములు ఒక్కడి దీక్షతో వచ్చిందా?

ఒక్కడి ప్రాణంతో వచ్చింది, ఒక్కడి పనితో కాదు. 1913 నుంచి లెక్కేస్తే నలభై ఏళ్ల ఉద్యమం అది. 1951లో స్వామి సీతారాం, అంటే గొల్లపూడి సీతారామశాస్త్రి, 35 రోజులు నిరాహారదీక్ష చేశారు. వినోబా భావే నచ్చజెప్పడంతో విరమించారు. ఏమీ రాలేదు.

శ్రీరాములు గాంధేయుడు, సబర్మతి ఆశ్రమంలో పనిచేసినవాడు. చదివింది శానిటరీ ఇంజనీరింగు, రైల్వేలో ఉద్యోగం చేసి వదిలేశాడు. నెల్లూరులో హరిజనుల ఆలయ ప్రవేశం కోసం కూడా నిరాహారదీక్ష చేశాడు. ఆయన బొమ్మకు దండ వేసే మనం ఆ సంగతి అంతగా చెప్పుకోం, చెప్పుకోవాలి. 1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారింట్లో దీక్ష మొదలుపెట్టాడు. 58 రోజులు. డిసెంబరు 15 రాత్రి ప్రాణం పోయింది. ఆ తర్వాత నాలుగైదు రోజులు కోస్తా జిల్లాల్లో రైళ్లు ఆగాయి, స్టేషన్లు తగలబడ్డాయి, నెల్లూరు సహా పలుచోట్ల పోలీసు కాల్పుల్లో జనం చనిపోయారు. డిసెంబరు 19న నెహ్రూ ప్రకటన చేశాడు.

ఆ ప్రకటనలో మద్రాసు లేదు. శ్రీరాములు అడిగింది మద్రాసుతో కూడిన ఆంధ్ర. ఆయన పేరుమీద వచ్చిన రాష్ట్రం, ఆయన కోరిన రూపంలో రాలేదు. పుట్టిందీ పోయిందీ మద్రాసులోనే అయిన మనిషికి అలా జరిగింది. ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికి వచ్చేసరికి నాకు గొంతు పట్టేస్తుంది.

శ్రీబాగ్ ఒడంబడిక అంటే ఏమిటి? రాయలసీమ వాళ్లు ఇప్పటికీ ఎందుకు ఎత్తుతారు?

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు 'శ్రీబాగ్'లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని చేసుకున్న ఒప్పందం. ఆంధ్ర రాష్ట్రం వస్తే కోస్తా వాళ్లే పెత్తనం చేస్తారని సీమకు అనుమానం. దాన్ని తీర్చడానికి రాసుకున్నారు: రాజధాని, హైకోర్టు రెండింట్లో ఒకటి సీమకు, అదీ సీమవాళ్లు కోరుకున్నది, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో పదేళ్లపాటు సీమకు, నెల్లూరుకు ముందు అవకాశం.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 11 జిల్లాలు, తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. హైకోర్టు గుంటూరులో పెట్టారు. కర్నూలు అప్పటికి చిన్న ఊరు, ఆఫీసులకు కట్టడాల్లేవు. గుడారాలు వేసి అందులోనే సెక్రటేరియట్ నడిపారు. వేసవిలో కర్నూలు ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ గుమాస్తాల కష్టం చెప్పక్కర్లేదు. అయినా ఒక ఊరికి ఇచ్చిన మాట నిలిచింది.

మూడేళ్లు నిలిచింది. 1956లో రాజధాని, హైకోర్టు రెండూ హైదరాబాద్‌కు వెళ్లిపోయాయి. శ్రీబాగ్‌ను రద్దు చేస్తున్నామని ఎవరూ ఎక్కడా రాయలేదు. ఊరికే మరిచిపోయారు. సీమకు మానని గాయం అదే అని నా అభిప్రాయం. నిర్ణయాన్ని వ్యతిరేకించొచ్చు. మరుపును ఏమని వ్యతిరేకిస్తారు?

ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను ఆంధ్రతో కలపమని చెప్పిందా?

చెప్పలేదు. క్లాసులో సగంమంది తప్పు రాసే జవాబు ఇదే.

ఆంధ్ర వచ్చాక అన్నిచోట్లా డిమాండ్లు లేచాయి. 1953 డిసెంబరులో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్ వేశారు. అధ్యక్షుడు ఫజల్ అలీ, సభ్యులు హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్. దేశమంతా 104 ఊళ్లు తిరిగారు, తొమ్మిది వేలమందికి పైగా మాట విన్నారు, లక్షన్నరకు పైగా అర్జీలు అందుకున్నారు. 1955 సెప్టెంబరు 30న నివేదిక ఇచ్చారు.

తెలంగాణ గురించి ఆ నివేదిక రెండు వైపులా ఓపిగ్గా రాసింది. విశాలాంధ్ర, అంటే ఆంధ్ర, తెలంగాణ కలిసిన రాష్ట్రం, వస్తే కృష్ణా, గోదావరి నీళ్లు ఒకే చేతికింద ఉంటాయి, ఆంధ్రకు రాజధాని దొరుకుతుంది అని ఒకవైపు. తెలంగాణ రాబడి ఎక్కువ, చదువులో వెనకబడి ఉంది, ఉద్యోగాలు పోతాయన్న భయం ఉంది అని ఇంకోవైపు. చివరకు తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రం పేరుతో విడిగా ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత, ఆ శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరుకుంటే అప్పుడు కలపమంది.

ఢిల్లీ అంతకాలం ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఎనిమిదిమంది నాయకులు పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు చేశారు. బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు ఒకవైపు, బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు ఇంకోవైపు. తెలంగాణ మిగులు డబ్బు తెలంగాణలోనే ఖర్చు పెట్టాలి, స్థానికులకు ఉద్యోగాల్లో రక్షణ, ప్రాంతీయ మండలి, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు. రాష్ట్రం వచ్చింది, సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ తొలి మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రే లేడు.

1956 నవంబరు 1న అసలు ఏం జరిగింది?

14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలు ఏర్పడ్డాయి. ఏ, బీ, సీ, డీ తేడాలు పోయాయి. రాజ్యాంగానికి ఏడో సవరణ దీనికోసమే.

హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. తెలంగాణ జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌కు. ఔరంగాబాద్, పర్భణీ, నాందేడ్, బీడ్, ఉస్మానాబాద్ బొంబాయికి. రాయచూరు, గుల్బర్గా, బీదర్ మైసూరుకు. తిరువాన్కూరు-కొచ్చిన్‌కు మలబారు కలిసి కేరళ అయింది, కన్యాకుమారి వైపు తమిళ తాలూకాలు మద్రాసుకు వెళ్లాయి. అందుకే నవంబరు 1న కర్ణాటక, కేరళ కూడా పండగ చేసుకుంటాయి.

మరి బొంబాయి, పంజాబ్‌లను అప్పుడే ఎందుకు విడదీయలేదు?

బొంబాయి నగరం కోసం. మరాఠీ జిల్లాల నడుమ ఉన్నా, వ్యాపారం, మిల్లులు ఎక్కువగా గుజరాతీల చేతుల్లో ఉండేవి. 1956లో రెండు భాషలనూ కలిపి ఒక పెద్ద బొంబాయి రాష్ట్రం చేశారు. బొంబాయి విషయంలో కేంద్రం తీరు నచ్చక ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్ రాజీనామా చేశాడు. సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో వందమందికి పైగా కాల్పుల్లో చనిపోయారు. ఫ్లోరా ఫౌంటెన్ చౌరస్తాకు హుతాత్మా చౌక్ అన్న పేరు వాళ్ల గుర్తుగా వచ్చిందే. అటు గుజరాత్‌లో ఇందూలాల్ యాజ్ఞిక్ నాయకత్వంలో మహాగుజరాత్ ఉద్యమం నడిచింది. 1960 మే 1న రెండూ విడిపోయాయి, బొంబాయి మహారాష్ట్రకే దక్కింది. మద్రాసు అడిగిన మనకు దక్కలేదు, బొంబాయి అడిగిన వాళ్లకు దక్కింది. బొంబాయి చుట్టూ ఉన్నది మరాఠీ నేల, మద్రాసు చుట్టూ ఉన్నది తమిళ నేల. చేదుగా ఉన్నా ఒప్పుకోవాల్సిన తేడా అది.

పంజాబ్‌లో భాష, మతం పెనవేసుకుపోయాయి. పంజాబీ సూబా అడిగితే అది సిక్కు రాష్ట్రం అడగడమేనని ఢిల్లీ భావించింది. 1966 నవంబరు 1న పంజాబ్, హర్యానా విడిపోయాయి. చండీగఢ్ కేంద్రపాలిత ప్రాంతమై ఇప్పటికీ రెండింటికీ రాజధానిగా ఉంది.

ఈశాన్య రాష్ట్రాలు ఎందుకు అంత ఆలస్యంగా, ఒక్కొక్కటిగా వచ్చాయి?

అక్కడ భాష లెక్క పనిచేయదు. కొండకో తెగ, తెగకో భాష. నాగాల సాయుధ తిరుగుబాటును చల్లార్చడానికి 1963 డిసెంబరు 1న నాగాలాండ్ ఇచ్చారు. అప్పటికి అక్కడి జనాభా నాలుగు లక్షలు కూడా లేదు. 'సొంత కాళ్లమీద నిలబడగలదా' అన్న ప్రశ్నను మొదటిసారి పక్కన పెట్టింది అక్కడే. 1972 జనవరి 21న మణిపూర్, త్రిపుర, మేఘాలయ వచ్చాయి. సిక్కిం 1975లో చేరింది. లాల్‌డెంగాతో 1986లో ఒప్పందం కుదిరి, 1987 ఫిబ్రవరి 20న మిజోరం రాష్ట్రమైంది, అదే రోజు అరుణాచల్ కూడా. నిన్నటిదాకా అడవిలో తుపాకీ పట్టుకున్న లాల్‌డెంగా ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నాడు. మాట నిలబెట్టుకుంటే ఏమవుతుందో చూపించడానికి నేను క్లాసులో చెప్పేది మిజోరం గురించే.

2000లో వచ్చిన మూడు రాష్ట్రాలకూ భాషకూ సంబంధం ఉందా?

పెద్దగా లేదు. ఛత్తీస్‌గఢ్ (నవంబరు 1), ఉత్తరాంచల్ (నవంబరు 9), ఝార్ఖండ్ (నవంబరు 15, బిర్సా ముండా జయంతి) మూడూ హిందీ రాష్ట్రాల్లోంచి విడిపోయినవే. కొండ ప్రాంతం, అడవి, గనులు, నిర్లక్ష్యం: కారణాలు ఇవి. తరువాత ఉత్తరాంచల్ పేరు ఉత్తరాఖండ్ అయింది.

అంబేద్కర్ 1955లోనే ఈ మాట చెప్పాడు. ఒక రాష్ట్రానికి ఒక భాష ఉండటం మంచిదే, కానీ ఒక భాష మాట్లాడేవాళ్లంతా ఒకే రాష్ట్రంలో ఉండాలన్న నియమం లేదన్నాడు. ఉత్తరప్రదేశ్‌ను మూడుగా, బిహార్‌ను, మధ్యప్రదేశ్‌ను రెండేసిగా చేయమన్నాడు. బిహార్, మధ్యప్రదేశ్ నిజంగానే రెండేసి అయ్యాయి, ఆయన మాట తర్వాత నలభై అయిదేళ్లకు.

ఒక రాష్ట్ర అసెంబ్లీ వద్దన్నా, పార్లమెంటు ఆ రాష్ట్రాన్ని విడదీయవచ్చా?

విడదీయవచ్చు. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం రాష్ట్రపతి సిఫారసుతో బిల్లు పెట్టాలి, అంతకుముందు దాన్ని ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం కోసం పంపాలి. అభిప్రాయం అడగాలి, పాటించాలని లేదు. పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు. బొంబాయి విషయంలో బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది: ఒకసారి అభిప్రాయం అడిగాక పార్లమెంటు బిల్లును మార్చినా, మళ్లీ అడగనక్కర్లేదు.

2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. రాజ్యాంగం ప్రకారం తప్పేమీ లేదు. అయితే భూభాగాన్ని వేరే దేశానికి ఇవ్వాలంటే మాత్రం రాజ్యాంగ సవరణ కావాలి, పాకిస్తాన్‌కు ఇవ్వబోయిన బెంగాల్ సరిహద్దు ప్రాంతం బెరుబారి విషయంలో కోర్టు అలా తేల్చింది.

రాష్ట్రాన్ని కేంద్రపాలిత ప్రాంతంగా దించవచ్చా?

2019 అక్టోబరు 31న జమ్మూకశ్మీర్‌ను అలా చేశారు, లదాఖ్‌ను విడదీశారు. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు లదాఖ్‌ను విడదీయడాన్ని సమర్థించింది. జమ్మూకశ్మీర్‌కు రాష్ట్ర హోదా తిరిగి ఇస్తామని కేంద్రం మాట ఇవ్వడంతో, అసలు ఒక రాష్ట్రాన్ని అలా మార్చవచ్చా అన్న ప్రశ్నలోకి వెళ్లలేదు. ఇప్పుడు దేశంలో 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు.

తెలంగాణ రావడానికి 58 ఏళ్లు ఎందుకు పట్టింది?

ఒక్కో ఒప్పందం వమ్ము అవుతూ, దాన్ని సర్దడానికి ఇంకోటి చేసుకుంటూ వచ్చారు కాబట్టి. 1969 ఉద్యమం పాల్వంచ థర్మల్ స్టేషన్లో స్థానికులకు ఉద్యోగాలు ఇవ్వలేదన్న గొడవతో అంటుకుంది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 సీట్లలో 10 తెలంగాణ ప్రజా సమితి గెలిచింది. అయినా రాష్ట్రం రాలేదు. మరుసటి ఏడాది ముల్కీ నిబంధనలు (స్థానికులకే ఉద్యోగాలన్న నిజాం కాలపు నియమాలు) చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పడంతో, ఈసారి జై ఆంధ్ర ఉద్యమం లేచింది. మూడేళ్ల తేడాలో రెండు ప్రాంతాలూ విడిపోతామన్నాయి, ఢిల్లీ ఇద్దరినీ కలిపే ఉంచింది. 1973లో ఆరు సూత్రాల పథకం, దానికోసం ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకు రక్షణనిచ్చే 371-డి అధికరణం. అది సరిగ్గా అమలు కాలేదని 1985లో, స్థానికేతర ఉద్యోగులను వాళ్ల ప్రాంతాలకు పంపమన్న 610 జీవో. ఆ జీవో అమలు కాలేదన్న మాటతోనే మలిదశ ఉద్యమం ఊరూరా పాకింది.

2001లో టీఆర్ఎస్ పుట్టింది. 2009 నవంబరు 29న కేసీఆర్ దీక్ష, డిసెంబరు 9న ఢిల్లీ ప్రకటన, రెండు వారాలకే వెనకడుగు. ఆ వెనకడుగు తర్వాత ఎంతమంది కుర్రాళ్లు ప్రాణాలు తీసుకున్నారో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది.

2014 చట్టంలో ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన హామీలు ఏమయ్యాయి?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేముందు పిల్లలతో చట్టమే చదివిస్తాను. చట్టంలో ఉన్నది వేరు, సభలో అన్నది వేరు. ప్రత్యేక హోదా అయిదేళ్లు ఇస్తామని ప్రధాని మన్మోహన్ సింగ్ ఫిబ్రవరి 20న రాజ్యసభలో చెప్పారు, చట్టంలో ఆ మాట లేదు. పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టు చేయడం చట్టంలో ఉంది. కడపలో, ఖమ్మంలో ఉక్కు కర్మాగారాల గురించి ఉన్నది, సాధ్యమవుతుందేమో 'పరిశీలించాలి' అని. ఆ ఒక్క క్రియాపదం కింద గీత గీయమంటాను. పరిశీలించడానికీ కట్టడానికీ మధ్య ఎంత దూరం ఉందో రెండు రాష్ట్రాల వాళ్లకూ పదేళ్లలో అర్థమైంది. హైదరాబాద్ ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో ముగిసింది. చట్టంలోని తొమ్మిది, పది షెడ్యూళ్లలో ఉన్న ఉమ్మడి ప్రభుత్వ సంస్థల పంపకం మాత్రం గడువుతో పాటు ముగియలేదు.

భద్రాచలం తెలంగాణలో ఉంటే, పక్క ఊళ్లు ఆంధ్రలో ఎందుకు ఉన్నాయి?

పోలవరం ముంపు వల్ల. ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను 2014లో ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు, భద్రాచలం పట్టణాన్ని మాత్రం తెలంగాణలో ఉంచారు. దీంతో రాములవారి గుడి ఒక రాష్ట్రంలో, ఆయన మాన్యం ఉన్న పురుషోత్తపట్నం ఇంకో రాష్ట్రంలో పడ్డాయి. పట్టణం నుంచి ఎటపాక వైపు కాస్త నడిస్తే రాష్ట్రం మారిపోతుంది. ఎటపాక, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం, ఈ అయిదు ఊళ్లనైనా తిరిగి ఇవ్వమని తెలంగాణ అడుగుతూనే ఉంది.

ఇక్కడ ఇంకో పాత సంగతి ఉంది. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలోది, ఆ ఏడాదే ఖమ్మంలో కలిపారు. బూర్గంపాడు, కుక్కునూరు వైపు ఊళ్లు మాత్రం నిజాం కాలం నుంచీ తెలంగాణవే. కాబట్టి 'మావి మాకు వచ్చాయి' అనేవాళ్లకూ, 'మావి లాక్కున్నారు' అనేవాళ్లకూ ఆధారం ఉంది. ఇంత వాదనలో కోయ, కొండరెడ్డి కుటుంబాల గొంతు అందరికంటే తక్కువ వినిపించింది. మునిగేది వాళ్ల ఇళ్లే.

సరిహద్దుకు అవతల ఉండిపోయిన తెలుగువాళ్ల సంగతి?

బళ్లారి, కోలారు కర్ణాటకలో. హొసూరు తమిళనాడులో. బరంపురం, పర్లాకిమిడి ఒడిశాలో. వాడుక భాష కోసం, సవర భాష కోసం గిడుగు రామమూర్తి జీవితమంతా పనిచేసిన పర్లాకిమిడి 1936లోనే అటు వెళ్లింది. యానాం తెలుగు ఊరే, అయినా ఫ్రెంచివాళ్ల పాలన వల్ల పుదుచ్చేరిలో భాగం. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనకు వచ్చాయి, బళ్లారి కోసం గొడవ విచారణ దాకా వెళ్లి మైసూరుకు దక్కింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసుకు వెళ్లి, సత్యవేడు ఇటు వచ్చింది. సాలూరు పైన కొటియా గ్రామాలు మావంటే మావని ఆంధ్ర, ఒడిశా ఇప్పటికీ అంటున్నాయి.

వీళ్ల పిల్లలకు తెలుగు మీడియం బడి, తెలుగు టీచరు దొరకడం ఏటేటా కష్టమవుతోంది. మన రెండు ప్రభుత్వాలూ భాష పేరు ఎత్తినప్పుడల్లా ముందు తలచుకోవాల్సింది వీళ్లను.

మా తాతల నాటి కాగితాల్లో 'పహాణీ' అని ఉంది, మా ఆవిడ వైపు వాళ్లవి 'అడంగల్' అంటున్నారు. రెండూ ఒకటేనా?

ఒకటే. ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం, ఎవరి పేరున ఉంది, ఏ పంట వేశారు అని ఊరి లెక్కలో ఏడాదికేడాది రాసేదే. హైదరాబాద్ రాష్ట్రం నుంచి వచ్చిన జిల్లాల్లో పహాణీ, మద్రాసు నుంచి వచ్చిన జిల్లాల్లో అడంగల్. రాసేవాడు అక్కడ పట్వారీ, ఇక్కడ కరణం. ఆ పదవులు 1980లలో పోయాయి, మాటలు పోలేదు.

రాష్ట్రం మారినా పాత చట్టాలు, కొత్తవి వచ్చేదాకా చెల్లుతాయని 1956 చట్టంలోనూ, 2014 చట్టంలోనూ రాశారు. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కౌలు చట్టం కూడా 'తెలంగాణ ప్రాంతం', 'ఆంధ్ర ప్రాంతం' అని రెండుగా ఉండేది. మీ తాతగారి కాగితం ఏ ఏడాదిదో, అప్పటి తాలూకా, జిల్లా పేర్లు ఏమిటో ముందు రాసుకోండి. తహసీల్దారు ఆఫీసుకు వెళ్లినప్పుడు ఇప్పటి మండలం పేరుతో పాటు ఆ పాత పేర్లు కూడా చెప్పండి. పాత రికార్డు ఆ పేర్లతోనే కట్టి ఉంటుంది.